డ్రైవర్ వీసా మీద ఏం రాసుంది?



రాయచోటి, రాజంపేట, రాజోలు, జగిత్యాల, సిరిసిల్ల. ఈ ఊళ్ళ చుట్టుపక్కల గల్ఫ్‌లో డ్రైవర్ పని చేసివచ్చిన మనిషి ఒక్కరైనా లేని పల్లె అరుదు. కొత్తగా ఒక కుర్రాడు ప్రయాణం కడుతున్నాడని తెలిస్తే బంధువులు, స్నేహితులు అడిగేది మొదట జీతం ఎంతని, తర్వాత ఏ దేశమని. ఈ రెండిటికీ జవాబు వచ్చిందంటే అప్పు పుట్టిపోతుంది, బట్టలు సర్దేస్తారు. వీసా ఎవరి పేరు మీద వచ్చింది, దాని మీద పని పేరు ఏమని రాసుంది అని అడిగేవాళ్ళు తక్కువ. నా ఉద్దేశంలో జీతం కన్నా, దేశం కన్నా ముందు అడగాల్సింది అదే. పరాయి దేశంలో డ్రైవర్ ఎన్ని గంటలు పనిచేయాలి, సెలవు ఉంటుందా లేదా, యజమాని నచ్చకపోతే మారడానికి వీలుందా, ప్రమాదం జరిగితే అతని వెనక ఎవరు నిలబడతారు, ఇవన్నీ తేల్చేది అతని చేతిలో ఉన్న నైపుణ్యం కాదు, వీసా మీదున్న ఆ ఒక్క వాక్యం. ఈరోజు మీ ముందు పెట్టదలచుకున్న మాట ఇదే.

కువైట్‌నే తీసుకుందాం. ఆ దేశ జనాభాలో 21 శాతం, పనిచేసేవాళ్ళలో 30 శాతం మన దేశస్థులేనని మన విదేశాంగ శాఖ చెబుతోంది. వాళ్ళలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది. డ్రైవర్‌గా కువైట్ వెళ్ళడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి 20వ నంబరు వీసా. ఇది ఒక ఇంటి యజమాని పేరు మీద వస్తుంది, మనవాళ్ళు ఖాదిమ్ వీసా అంటారు. రెండోది 18వ నంబరు వీసా, అంటే కంపెనీ వీసా, వాడుకలో షూన్ వీసా. రెండిటి మీదా వెళ్ళినవాడు డ్రైవరే. ఇద్దరికీ కావలసింది ఆ దేశపు లైసెన్సే, ఇద్దరూ తిరిగేది అదే రోడ్డు మీద. కానీ చట్టం వాళ్ళను రెండు వేరువేరు తెగలుగా చూస్తుంది. కంపెనీ డ్రైవర్‌కి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఆపైన చేసిన ప్రతి గంటకూ పావు వంతు ఎక్కువ కూలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు తన కిందకు రారని అదే చట్టం స్పష్టంగా రాసుకుంది. వాళ్ళకోసం 2015లో 68వ నంబరు చట్టం వేరే తెచ్చారు. అందులో పని గంటల హద్దు రోజుకు 12. వంటమనిషి, ఆయా, తోటమాలి ఏ వరుసలో ఉన్నారో ఇంటి డ్రైవర్ కూడా ఆ వరుసలోనే ఉన్నాడు.

ఆ 2015 చట్టాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్ళకు హక్కులంటూ రాసిచ్చిన తొలి చట్టాల్లో అదొకటి. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ముగింపు సొమ్ము, మనిషి ఒప్పుకోకుండా అతని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదన్న నియమం, అన్నీ అందులో ఉన్నాయి. ముగింపు సొమ్ము విషయంలోనైతే కంపెనీ కార్మికుడి కన్నా ఇంటి పనివాడికే లెక్క మెరుగు. కంపెనీలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతమే కడతారు. చిక్కంతా అమలు దగ్గర వస్తుంది. కంపెనీ షెడ్డుకి లేబర్ ఇన్‌స్పెక్టర్ వెళ్ళి హాజరు పట్టీ తీయమనగలడు. ఒక కుటుంబం ఉంటున్న ఇంటి తలుపు తట్టి, మీ డ్రైవర్ నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నాడని అడగలేడు. ఇంట్లో చేసే పనికి హాజరు పట్టీ ఉండదు, సాక్షి ఉండడు. 12 గంటలు దాటాయని ఫిర్యాదు చేయాలంటే ఆ డ్రైవర్ తనకు అన్నం పెట్టే ఇంటిమీదే చేయాలి, చేసిన రాత్రి ఎక్కడ పడుకోవాలో కూడా ముందే చూసుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే గంటల లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. తెల్లవారకముందే లేచి బండి మీది ఇసుక దుమ్ము తుడవాలి. ఆరున్నరకల్లా పిల్లల్ని బడికి చేర్చాలి, ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఇద్దరు ముగ్గురివీ వేరువేరు బడులు కావచ్చు. తర్వాత పెద్దాయన ఆఫీసు, ఇంటావిడ జమియా, అంటే సహకార బజారు, మధ్యాహ్నం మళ్ళీ బడుల చుట్టూ తిరగడం, సాయంత్రం ట్యూషన్, ఆసుపత్రి, అత్తగారిల్లు. రాత్రి దివానియాలో మగవాళ్ళ కబుర్లు పన్నెండు దాకా సాగితే డ్రైవర్ బయట బండిలోనే ఉంటాడు. ఇందులో స్టీరింగ్ పట్టుకున్న సమయం కలిపితే ఆరేడు గంటలు రావచ్చు. మిగతాదంతా కాచుకోవడం. ఆ కాచుకున్న గంటల్ని విశ్రాంతి కిందే లెక్కవేస్తారు చాలామంది యజమానులు. కానీ ఏ క్షణాన ఫోన్ మోగుతుందోనని కునుకు తీయలేకపోయిన గంట విశ్రాంతి ఎలా అవుతుంది? తెల్లవారితే మళ్ళీ పిల్లల బడి, నిద్ర చాలని కళ్ళతో 120 కిలోమీటర్ల వేగపు రోడ్డు. డ్రైవర్‌కి విశ్రాంతి ఇవ్వడం అతని మీద దయ చూపడం కాదు, ఆ బండిలో కూర్చున్న పిల్లల భద్రత కోసం తప్పనిసరి అవసరం.

ఇంకో చిక్కు చూడండి. కువైట్ 2025 ఏప్రిల్‌లో కొత్త ట్రాఫిక్ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, ఎర్ర లైటు దాటితే 150 దినార్లు జరిమానా. ప్రాణాలు కాపాడడానికి తెచ్చిన చట్టం, మంచిదే. ఇంటి డ్రైవర్ వైపునుంచి ఆలోచించండి. రోడ్డు మీద ఉండగా ఇంటినుంచి ఫోన్ వస్తుంది. ఎత్తకపోతే ఇంట్లో కోపం, ఎత్తితే 75 దినార్లు. 2016లో ఇంటి పనివాళ్ళకు కువైట్ ప్రకటించిన కనీస వేతనం 60 దినార్లు. డ్రైవర్లకు సాధారణంగా ఇంతకన్నా ఎక్కువే ఇస్తారు. అయినా కనీసం మీద లెక్కిస్తే ఒక్క ఎర్ర లైటు ఖరీదు రెండున్నర నెలల కష్టం. ఆ జరిమానా ఎవరు కట్టాలో ఒప్పందంలో రాసి ఉండదు. రాయించుకోవాలన్న ఆలోచన కూడా వెళ్ళేవాళ్ళకు రాదు.

పని పేరు డ్రైవరే అయినా అప్పగించే పని డ్రైవింగ్ ఒక్కటే కాకపోవడం ఇంటి వీసాలో ఉన్న మరో ప్రమాదం. కేరళలోని కోళికోడ్ జిల్లా యువకుడి కథ దేశమంతా విన్నదే. అతను 2006లో ఇంటి డ్రైవర్‌గా రియాద్ వెళ్ళాడు. ఆ ఇంట్లో మెడలో గొట్టం అమర్చితేగాని ఊపిరాడని, మంచాన పడ్డ కుర్రాడు ఒకడున్నాడు. అతన్ని చూసుకోవడం కూడా డ్రైవర్ పనిలో భాగమైంది. చేరిన కొద్దివారాలకే కారులో తీసుకెళ్తుండగా ఆ గొట్టం తప్పిపోయి కుర్రాడు చనిపోయాడు. డ్రైవర్‌కి హత్యానేరం కింద మరణశిక్ష పడింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2024లో, మలయాళీలు ప్రపంచం నలుమూలల నుంచీ చందాలు వేసుకుని కోటిన్నర రియాళ్ళు, మన డబ్బులో సుమారు 34 కోట్లు, పరిహారంగా పోగుచేస్తేగాని ఆ శిక్ష రద్దు కాలేదు. అది అందరికీ ఎదురయ్యే కథ కాదు, నిజమే. కాని నర్సుగా శిక్షణ పొందినవాళ్ళు చేయాల్సిన పనిని డ్రైవర్ చేతిలో పెట్టడం మాత్రం అరుదు కాదు. ఇంటి వీసాలో పనికి గిరి గీసి ఉండదు. గొర్రెలు కాయమన్నా, పెళ్ళి వంటలకు చేయి వేయమన్నా, ముసలివాళ్ళను ఎత్తి పడుకోబెట్టమన్నా కాదనడానికి కాగితం మీద ఆధారం ఉండదు.

సౌదీలో ఈ రెండు వీసాల తేడా ఇంకొంచెం స్పష్టంగా ఉంటుంది. 2021 మార్చిలో ఆ దేశం కార్మిక సంస్కరణలు తెచ్చింది. కంపెనీల్లో పనిచేసే విదేశీయులు కొన్ని షరతులతో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు, సెలవు మీద దేశం దాటి రావచ్చు. మన పత్రికలు దాన్ని గొప్ప మార్పుగా రాశాయి, అది గొప్ప మార్పే. కాని ఆ సంస్కరణ నుంచి ఇంటి పనివాళ్ళను మినహాయించారు, ఆ మినహాయింపులో ఇంటి డ్రైవర్ కూడా ఉన్నాడు. తర్వాత 2024 అక్టోబరులో ఇంటి పనివాళ్ళకు విడిగా కొత్త నియమాలొచ్చాయి, పని గంటల హద్దు రోజుకు 10కి దిగింది. ఖతర్ మాత్రం 2020, 2021ల్లో ఇంటి పనివాళ్ళను కూడా కలుపుకుని ఉద్యోగం మారే హక్కునూ, నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనాన్నీ ఇచ్చింది. ఎమిరేట్స్ 2022 చట్టంతో ఇంటి డ్రైవర్‌కి రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకబిగిన, రాసిచ్చింది. గల్ఫ్ అంటూ మనం ఒకే మాటతో చుట్టేసే ప్రాంతంలో దేశానికో చట్టం, ఒక్కో దేశంలో వీసాకో చట్టం. ఊళ్ళో ఏజెంటు చెప్పే జీతం అంకెలో ఇవేవీ కనబడవు.

దీనికి మనవాళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఇంటి వీసాలో గది ఖర్చు లేదు, తిండి ఖర్చు లేదు, వచ్చిన జీతం వచ్చినట్టు ఇంటికి పంపవచ్చు. మంచి కుటుంబం దొరికితే పండగకు ఈనాం ఇస్తారు, కూతురి పెళ్ళికి సాయం చేస్తారు, పాతికేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి వచ్చిన డ్రైవర్లున్నారు. రాయలసీమలో, కోనసీమలో ఎన్నో డాబాలు, ఎన్నో ఇంజినీరింగ్ చదువులు ఆ డబ్బు మీద నిలబడ్డవే. ఇదంతా ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఒక్కటే. మంచి కుటుంబం దొరకడం అదృష్టం. అదృష్టం బాగున్నవాడికి ఏ చట్టమూ అక్కర్లేదు, అది లేనివాడికే చట్టం కావాలి. ఇంటి వీసాలో ఆ రెండోవాడికి దొరికే ఆసరా చాలా పలచన. పైగా లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని దిగినవాడు చెడ్డ ఇంట్లో పడ్డా ఆర్నెల్లకే తిరిగి రాలేడు. పారిపోతే యజమాని పోలీసుకి చెబుతాడు, సౌదీలో దాన్ని హురూబ్ పెట్టడం అంటారు. ఆ రోజునుంచి ఆ మనిషి అకామా, అంటే నివాస అనుమతి, చెల్లదు, ఎక్కడ పనిచేసినా చట్టవిరుద్ధమే. మనవాళ్ళ మాటల్లో ఖల్లివల్లి అయిపోవడం అంటే ఇదే. మళ్ళీ ఎప్పుడో ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటిస్తే ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇంటికి రావాలి.

ముందు ఇంటి వీసా మీద వెళ్ళి తర్వాత కంపెనీకి మారిపోవచ్చు కదా అంటారు మరికొందరు. కువైట్‌లో ఆ తలుపు మనం తట్టినప్పుడు తెరుచుకోదు, ప్రభుత్వం తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండే రెండు నెలలు 20వ నంబరు నుంచి 18కి మారే వీలు కల్పించారు. అప్పుడు కూడా ఆ యజమాని దగ్గర ఏడాది పనిచేసి ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి. మంచి యజమాని ఒప్పుకుంటాడు. ఎవరి చేతిలోంచి బయటపడాలని మనిషి తపిస్తాడో ఆ యజమానే ఒప్పుకోడు. మరి ఆజాద్ వీసా సంగతి? ఒకరి పేరు మీద వీసా తీసి, ఏడాదికింతని అతనికి కడుతూ బయట ఎక్కడైనా పనిచేసుకోవచ్చని ఏజెంట్లు చెప్పే వీసా అది. ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ అలాంటి వీసా లేదు. తనిఖీలో దొరికితే జైలూ, దేశ బహిష్కారమూ డ్రైవర్‌కే.

అయితే కంపెనీ వీసా దొరికితే ఇక దిగులు లేదా అంటే, అలా చెబితే అబద్ధమవుతుంది. 2004 జులైలో ఇరాక్‌లో సాయుధులు ఏడుగురు లారీ డ్రైవర్లను ఎత్తుకుపోయారు. వాళ్ళలో ముగ్గురు భారతీయులు, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ వాళ్ళు. వాళ్ళు ఉద్యోగానికి వెళ్ళింది ఇరాక్ కాదు, కువైట్‌లోని ఒక రవాణా కంపెనీకి. సరుకు నింపుకుని సరిహద్దు దాటి యుద్ధం జరుగుతున్న దేశంలోకి వెళ్ళారు. ఆరు వారాల తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు. అందుకే కంపెనీ వీసా అన్న మాట విని సంతోషపడిపోకుండా ఒప్పందంలో మూడు సంగతులు రాసి ఉన్నాయా అని చూడాలంటాను. ఏ బండి నడపాలి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా నడపాలి, జీతం నెలకా ట్రిప్పుకా. పది టైర్ల లారీకని పిలిచి నీళ్ళ ట్యాంకరు ఇస్తే పని వేరు, లైసెన్స్ కూడా వేరు కావచ్చు. టాక్సీ కంపెనీల్లో కమిషన్ పద్ధతి ఉంటే, ఏజెంటు జీతమని చెప్పిన అంకె నిజానికి బాగా తిరిగిన నెలలో వచ్చే రాబడి మాత్రమే. ఇన్ని లోపాలున్నా కంపెనీ వీసాయే మేలని ఎందుకంటున్నానంటే, అక్కడ జీతం బ్యాంకులో పడుతుంది, పక్కన ఇంకో యాభైమంది డ్రైవర్లుంటారు, లేబర్ ఆఫీసుకి వెళితే చూపడానికి కాగితం ఉంటుంది. తప్పు జరగదని కాదు, జరిగిందని నిరూపించే వీలుంటుంది.

లైసెన్స్ గురించి మనవాళ్ళలో పాతుకుపోయిన ఒక భ్రమ ఉంది. ఇక్కడ రవాణా శాఖ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే అక్కడ ఉద్యోగం చేయవచ్చనుకుంటారు. అది ఏడాదిపాటు చెల్లే, పర్యాటకులకు పనికొచ్చే పత్రం. అకామా మీద ఉండి జీతానికి బండి నడపాలంటే ఆ దేశపు లైసెన్సే కావాలి, వాడుకలో రుక్సా. దుబాయ్‌లాంటి చోట్ల మన లైసెన్స్‌ను చూసి నేరుగా మార్చి ఇవ్వరు, పరీక్ష పాసవ్వాల్సిందే, తప్పినకొద్దీ మళ్ళీ క్లాసులు, మళ్ళీ ఫీజులు. మనం ఎడమపక్క నడిపేవాళ్ళం, అక్కడ కుడిపక్క నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇరవై ఏళ్ళు బండి నడిపిన చేయికి కూడా రౌండ్ అబౌట్ దగ్గర తడబాటు వస్తుంది, పరీక్ష తప్పడానికి అది చాలు. రుక్సా వచ్చేదాకా జీతం ఇస్తారా, ఫీజు ఎవరు కడతారు, రాకపోతే వెనక్కి పంపుతారా, లేక ఇంటి పనిలో పెడతారా? ఇవి విమానం ఎక్కకముందు తేలాల్సిన సంగతులు. ఇక ప్రమాదం జరిగి ఎదుటి మనిషి చనిపోతే దియా, అంటే మృతుడి కుటుంబానికి కట్టాల్సిన పరిహారం ఉంటుంది. సౌదీలో పొరపాటున జరిగిన మరణానికి అది 3 లక్షల రియాళ్ళు. బండికి చెల్లే బీమా ఉండి, డ్రైవర్‌కి ఆ బండికి సరిపోయే లైసెన్స్ ఉంటే బీమా సంస్థ కడుతుంది. రెండిట్లో ఒకటి లేకపోతే ఆ భారం డ్రైవర్ మీద పడి, తీరేదాకా జైలు గోడల మధ్య ఉండాల్సి రావచ్చు. కాబట్టి బీమా కాగితం చూడకుండా తాళాలు తీసుకోకూడదు.

మన దేశం వైపునుంచి ఉన్న రక్షణ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అడ్డంకిగా చూడడం మనకు అలవాటైపోయింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాసుకానివాళ్ళకు ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు ఇస్తారు. గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళేటప్పుడు వాళ్ళు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి రావాలంటే ఒప్పందం ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదు కావాలి, బీమా ఉండాలి. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది. లైసెన్స్ ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్‌టీ తప్ప ఎక్కువ వసూలు చేయకూడదు. ఇదంతా ఆలస్యం, ఖర్చు, తిప్పట అంటాడు ఊళ్ళో ఏజెంటు. విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తానంటాడు, లేదా దొంగ పదో తరగతి సర్టిఫికెట్ తెప్పిస్తానంటాడు. అతనికి ఆ తొందర ఎందుకో ఆలోచించాలి. ఈ-మైగ్రేట్‌లోకి వెళితే యజమాని ఎవరో, జీతం ఎంతో, పని ఏమిటో కాగితం మీదకు ఎక్కుతాయి. ఎక్కితే 30 వేల పనికి లక్షన్నర తీసుకోవడం కుదరదు. పదో తరగతి పాసైనవాడికి ఈ అనుమతి తప్పనిసరి కాదు, అందువల్ల అతని ఒప్పందాన్ని చూసే కన్ను ఒకటి తగ్గిపోతుంది. చదువుకున్నవాడే మరింత జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది.

అప్పు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి వెళ్ళినవాడు మొదటి ఏడాది తనకోసం పనిచేయడు, అప్పు ఇచ్చినవాడికోసం పనిచేస్తాడు. జీతం తగ్గించినా, సెలవు ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా నోరెత్తడు. తలుపుకు తాళం ఎవరూ వేయరు, అప్పే తాళం. అందుకే వీసా ఏదని అడిగినంత గట్టిగా, ఆ వీసాకి ఎంత కట్టావని కూడా అడగాలి. ఎమిరేట్స్ చట్టమైతే ఇంటి పనివాళ్ళ దగ్గర నియామకం ఖర్చు వసూలు చేయడాన్నే నిషేధించింది. ఆ నిషేధం ఉన్న దేశానికి వెళ్ళడానికి కూడా మనవాళ్ళు ఇక్కడ డబ్బు కడుతున్నారు.

ఈమధ్య యూరప్ మాట ఎక్కువగా వినబడుతోంది. అక్కడ లారీ డ్రైవర్ల కొరత నిజం. అక్కడి చట్టాలు కూడా మెరుగైనవి. రోజుకు 9 గంటలకు మించి, వారానికి రెండు రోజులు మాత్రం 10 గంటలకు మించి స్టీరింగ్ పట్టుకోకూడదు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. బండిలో ఉండే టాకోగ్రాఫ్ యంత్రం నిమిషం నిమిషం లెక్క రాస్తుంది, దాన్ని ఏ పోలీసైనా తీసి చూడవచ్చు. కువైట్ ఇంట్లో లేని సాక్షి ఇక్కడ బండిలోనే ఉందన్నమాట. కాని అక్కడికి దారి పొడవు. వాళ్ళ భారీ వాహన లైసెన్స్ కావాలి, దాని మీద కోడ్ 95 అనే వృత్తి అర్హత ఉండాలి, దానికి కనీసం 140 గంటల శిక్షణ, ఆపైన ప్రతి ఐదేళ్ళకూ 35 గంటలు. జర్మనీ ఈ అర్హతలు సంపాదించుకోవడానికి విదేశీ డ్రైవర్‌కి 15 నెలల దాకా గడువు ఇస్తుంది. కాబట్టి నెలరోజుల్లో పోలండ్ పంపి లారీ ఎక్కిస్తానన్నవాడి మాట నమ్మడానికి లేదు. మంచి చట్టం ఉన్నచోట కూడా మోసం జరగదని కాదు. 2023లో జర్మనీలోని గ్రేఫెన్‌హౌజెన్ దగ్గర హైవే పక్కన జార్జియా, ఉజ్బెకిస్తాన్ డ్రైవర్లు జీతాలు రాక వారాల తరబడి లారీలు ఆపేసి కూర్చున్నారు. చివరికి బకాయిలు రాబట్టుకున్నారు. వాళ్ళు ఒక్కొక్కరుగా లేరు, లారీలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి, అక్కడి కార్మిక సంఘాలు పక్కన నిలిచాయి. ఇంటి గేటు పక్క గదిలో ఒంటరిగా ఉన్న డ్రైవర్‌కి ఈ మూడూ ఉండవు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది, అది న్యాయమైన ప్రశ్న. పది తప్పి, కారు లైసెన్స్ ఒక్కటే ఉన్నవాడికి ఇంటి వీసా తప్ప ఇంకేం దొరుకుతుందని అడుగుతారు. నిజమే, ఈరోజుకి అతని ముందున్న సులువైన దారి అదే. కాని ఆ దారి ఒక్కటే మిగలడానికి కారణం అతను కాదు, అతనికి భారీ వాహనం నేర్పనివాళ్ళం మనం. భారీ వాహనం లైసెన్స్ ఉండి కొన్నేళ్ళు లారీ నడిపిన అనుభవం ఉన్నవాడిని గల్ఫ్‌లో పిలిచేది ఎక్కువగా కంపెనీలే. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో మంచి డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. అలాంటి చోట కుడిపక్క నడిపే పద్ధతినీ, ఎడమ స్టీరింగ్ బండినీ, అరబిక్ రోడ్డు గుర్తులనూ నేర్పే ఒక తరగతి పెడితే, దుబాయ్‌లో పరీక్ష తప్పి కట్టే ఫీజులో కొంత భాగంతోనే ఆ కుర్రాడు ఇక్కడే సిద్ధమవుతాడు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, రెండూ ప్రభుత్వ సంస్థలే, విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే అనుమతి రెండిటికీ ఉంది. వాటి పేరు మన పల్లెల్లో ఏజెంటు పేరంతగా వినబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఒప్పందం తెలుగులో కూడా ఉండాలనీ, అందులో బండి రకం, గంటలు, జరిమానాలు ఎవరివి అన్న గడులు తప్పనిసరిగా ఉండాలనీ ఈ సంస్థలు పట్టుబట్టవచ్చు. 2014లో సౌదీతో, 2021లో కువైట్‌తో మన ప్రభుత్వం ఇంటి పనివాళ్ళ మీద ఒప్పందాలు చేసుకుంది. ఇంటి డ్రైవర్ పని గంటల్లో కాచుకునే సమయాన్ని కూడా కలపాలని ఆ ఒప్పందాల తర్వాతి చర్చల్లో అడిగే హక్కు మనకుంది.

ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళలో ఎవరికైనా ఈ వారంలోనే వాట్సాప్‌లో వీసా కాపీ వచ్చి ఉండవచ్చు. అందులో అరబిక్‌లో ఉన్న పని పేరు, యజమాని పేరు అరబిక్ తెలిసిన మనిషితో, మసీదులో మౌల్వీసాబుతోనైనా సరే, చదివించుకోండి. ఏజెంటు కంపెనీ అని చెప్పి, అక్కడ వ్యక్తి పేరు, సాయెక్ ఖాస్ అని ఉంటే అది ఇంటి డ్రైవర్ వీసా. గొర్రెల కాపరి అని ఉండి మీకు కారు ఇస్తామని చెబుతుంటే డబ్బు కట్టకండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 నంబరుకు ఫోన్ చేయండి, ఖర్చు లేదు. వెళ్ళే మనిషి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రాల నకళ్ళు ఒక జత ఇంట్లో భార్య దగ్గరో, తల్లి దగ్గరో ఉంచండి. అక్కడేదైనా జరిగితే రాయబార కార్యాలయం మొదట అడిగేది ఆ కాగితాలనే.